కాలేజీలో పిల్లల తలకు ‘ఏకాగ్రత బ్యాండ్’ కడతారట, సంతకం పెట్టాలా?

పటమట నాన్న (విజయవాడ) | శుక్రవారం రాత్రి 9:50

మా అమ్మాయి సీనియర్ ఇంటర్ బైపీసీ. గూడవల్లి వైపు ఒక రెసిడెన్షియల్ కాలేజీ, పేరు అనవసరం. నిన్న పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో సర్క్యులర్ పెట్టారు. స్టడీ అవర్లో పిల్లల నుదుటికి ఒక బ్యాండ్ కడతారట. అది మెదడు తరంగాలు పట్టుకుని ఏకాగ్రత నూటికి ఎంత ఉందో చెబుతుందట. వారానికోసారి ఆ స్కోరు మన ఫోన్‌కి వస్తుంది. ఈ టర్మ్ అంతా ఉచితం. జతగా ఒక సమ్మతి పత్రం ఉంది. కింద ‘తల్లి/తండ్రి లేదా ఇన్‌ఛార్జి సంతకం’ అని రాసి ఉంది. సోమవారంలోపు పంపాలి.

మా ఆవిడ ‘అందరూ పెడుతున్నారు, పెట్టేయండి’ అంటోంది. అబద్ధం ఎందుకు, నాకూ ఆశగానే ఉంది. పిల్ల చదువుతోందో లేదో తెలియడానికి మాకున్నది ఆదివారం ఫోన్లో ‘బాగానే చదువుతున్నా నాన్నా’ అనే మాట ఒక్కటే. కానీ పెన్ను తీశాక చెయ్యి ఆగింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను. ఈ యంత్రం సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

వన్‌టౌన్ హోల్‌సేల్ (విజయవాడ) | శుక్రవారం రాత్రి 10:05

ఇందులో ఆలోచించేది ఏముందండీ? మా వాడిదీ అదే కాలేజీ అనుకుంటా, మాకూ వచ్చింది. వెంటనే సంతకం చేసి పంపించాను. ఏడాదికి రెండు లక్షల పైన కడుతున్నాం. నా షాపులో కెమెరా పెట్టుకున్నాను, కుర్రాళ్లు దొంగలని కాదు, లెక్క తెలియాలని. ఇదీ అంతే. సూదులు గుచ్చడం లేదు, మందు ఇవ్వడం లేదు. తలకు రిబ్బను కట్టినట్టు కట్టి తీసేస్తారు.

కొత్తపేట ల్యాబ్ (గుంటూరు) | శుక్రవారం రాత్రి 11:20

నేను గుంటూరు కొత్తపేటలో ఈఈజీ (మెదడు విద్యుత్తును తల మీద నుంచి గీతలుగా రికార్డు చేసే పరీక్ష) తీసే పనిలో చాలా ఏళ్లుగా ఉన్నాను. డాక్టర్ని కాదు, టెక్నీషియన్ని. అందుకని జబ్బుల జోలికి పోకుండా యంత్రం సంగతే చెబుతాను.

మెదడులో వేలు, లక్షల నాడీకణాలు కలిసి పనిచేస్తే పుట్టే విద్యుత్తు పుర్రె దాటి చర్మం మీదికి వచ్చేసరికి పది నుంచి వంద మైక్రోవోల్టులే మిగులుతుంది. మైక్రోవోల్టంటే వోల్టులో పది లక్షల వంతు. 1924లో జర్మనీలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి తల మీద నుంచి దీన్ని రికార్డు చేశాడు. అప్పటి తిప్పలు ఇప్పటికీ తప్పలేదు. రెప్ప కొడితే వచ్చే సిగ్నల్ మెదడు సిగ్నల్ కంటే పెద్దది. పళ్లు బిగపడితే స్క్రీనంతా గీతలే. పక్కన కరెంటు వైరుంటే 50 హెర్ట్జ్ రొద. మా దగ్గరికి వచ్చేవాళ్లకు ముందురోజే ఫోన్ చేసి చెబుతాం, తలంటుకుని రండి, నూనె పెట్టుకోవద్దు అని. అయినా సగం మంది ఆడపిల్లలు కొబ్బరినూనెతో రెండు జడలు వేసుకునే వస్తారు. అవి విప్పించి, పాయలు తీసి, చర్మం రుద్ది, పేస్టు పెట్టి, టేపుతో కొలిచి 21 ఎలక్ట్రోడ్లు అతికిస్తాం. ఇంత చేసినా డాక్టరుగారు ‘ఈ గీత ఏమిటమ్మా’ అంటారు. ‘పాప దగ్గింది సార్’ అని పక్కన రాసి ఉంచుతాను.

ఇలాంటి బ్యాండ్లలో సాధారణంగా నుదుటి మీద రెండు మూడు పొడి ఎలక్ట్రోడ్లు, చెవి దగ్గర ఒకటి ఉంటాయి. సెకనుకు 4 నుంచి 7 సార్లు ఊగేది థీటా, 8 నుంచి 13 ఆల్ఫా, ఆ పైన 30 దాకా బీటా. వీటి పాళ్లు చూసి ఒక అంకె వేస్తుంది. మగత వస్తే నెమ్మది తరంగాలు పెరుగుతాయి, కాబట్టి కునికిపాట్లను కొంతవరకు పట్టుకోగలదు. ధ్యాస దేని మీద ఉందో మాత్రం దానికి తెలియదు. కళ్లు మూసుకుని బెంజీన్ నిర్మాణం గుర్తుచేసుకునే పిల్లకు ఆల్ఫా పెరిగి స్కోరు పడిపోవచ్చు. పుస్తకం చాటున సినిమా పేజీ చదివే పిల్లాడికి నిక్షేపంగా తొంభై రావచ్చు.

లాంగ్‌టర్మ్ రెండోసారి (పోరంకి) | శుక్రవారం రాత్రి 11:48

అంకుల్, నేను ఇప్పుడు నీట్ లాంగ్‌టర్మ్‌లో ఉన్నాను. పైన మేడం చెప్పిన బ్యాండు మా బ్యాచ్‌లో ఎవడికైనా ఇస్తే రెండు రోజుల్లో దాన్ని మోసం చేయడం నేర్చుకుంటారు. ఏకాగ్రత రాదు గానీ స్కోరు వస్తుంది.

ఆటోనగర్ సర్క్యూట్ (విజయవాడ) | శనివారం ఉదయం 6:30

ఎలక్ట్రానిక్స్ వాడిని. టెక్నాలజీని తిట్టడానికి రాలేదు, ఈ రంగం మీద నాకు ఇష్టమే. కానీ కాలేజీ వాళ్లు కొత్తగా కనిపెట్టినట్టు చెబుతున్నది ఒకచోట చేసి చూసి ఆపేసినదే. 2019లో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రం జిన్‌హువాలో ఒక ప్రాథమిక పాఠశాల పిల్లలకు ఇవే కట్టారు. నుదుటి మీద లైటు ఉండేది. శ్రద్ధగా ఉంటే ఎరుపు, ధ్యాస తప్పితే నీలం. స్కోర్లు టీచరు కంప్యూటర్‌కి, అక్కణ్నుంచి తల్లిదండ్రులకు. వీడియోలు బయటికి వచ్చాక చైనా జనమే గోల చేశారు. అక్కడి విద్యాశాఖ ఆపించింది. నిఘాకు అలవాటుపడిన దేశంలోనే ‘ఇది మరీ ఎక్కువ’ అన్నారు, గమనించండి.

హోల్‌సేల్ గారికి ఒక ప్రశ్న. ఉచితం అన్నారు. వందల మంది పిల్లలకు బ్యాండ్లు, యాప్, సర్వర్ ఖర్చు ఎవరు పెడుతున్నారు? ఎందుకు పెడుతున్నారు?

వన్‌టౌన్ హోల్‌సేల్ | శనివారం ఉదయం 7:15

మొదటి టర్మ్ ఫ్రీ ఇచ్చి తర్వాత డబ్బులు అడుగుతారు. వ్యాపారం అన్నాక శాంపిల్ ఇవ్వడం మామూలే. అందులో కుట్ర ఏముంది?

ఆటోనగర్ సర్క్యూట్ | శనివారం ఉదయం 7:22

కుట్ర అనలేదండీ. పదహారు, పదిహేడేళ్ల పిల్లల మెదడు రికార్డింగులు, పక్కనే వాళ్ల వీక్లీ టెస్టు మార్కులు, నిద్ర వేళలు. ఇంత శుభ్రంగా జతపడిన డేటా బయట కొనాలంటే దొరకదు. వాళ్ల తర్వాతి మోడల్ తయారయ్యేది దీనితోనే. మీరు శాంపిల్ తీసుకుంటున్నాను అనుకుంటున్నారు, శాంపిల్ ఇస్తున్నది మీ అబ్బాయి.

సత్యనారాయణపురం మాస్టారు (విజయవాడ) | శనివారం ఉదయం 9:00

రిటైర్ అయిన టీచర్ని. నాకు మెదడు తరంగాల గురించి తెలియదు, సంతకాల గురించి తెలుసు. పటమట నాన్నగారు సర్క్యులర్‌లో ఉన్న అసలు విషయాన్ని మామూలుగా రాసేసి ముందుకు వెళ్లిపోయారు: ‘లేదా ఇన్‌ఛార్జి’.

ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో 2009లో గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) అధ్యయనం జరిగింది. వాళ్లలో చాలామంది హాస్టళ్లలో ఉండే పిల్లలు. చాలా సమ్మతి పత్రాల మీద తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. 2010లో కేంద్రం ఆ అధ్యయనాన్ని ఆపింది. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. ఆ టీకా మంచిదే, ఎన్నో దేశాల్లో వేస్తున్నారు, దాని మీద నాకు అనుమానం లేదు. మంచి వస్తువుకే సంతకాలు అలా పడ్డాయి. ఇక పనిచేస్తుందో లేదో తెలియని వస్తువుకు ఎలా పడతాయి? అంతదూరం ఎందుకు, 2011లో మన పిడుగురాళ్ల నుంచి పేద ఆడవాళ్లను డబ్బు ఆశపెట్టి హైదరాబాద్ తీసుకెళ్లి మందుల పరీక్షలకు వాడారని పేపర్ల నిండా వచ్చింది. వాళ్లూ కాగితాల మీద సంతకాలు పెట్టినవాళ్లే.

రెసిడెన్షియల్ కాలేజీ ఇన్‌ఛార్జి అంటే ఎవరు? పిల్లల స్కోరు పెరిగితే ఇంక్రిమెంట్ వచ్చే ఉద్యోగి. ఆయన పిల్ల తరఫున ఎలా ఒప్పుకుంటాడు?

బందరు రోడ్డు వకీలు (విజయవాడ) | శనివారం మధ్యాహ్నం 1:10

మాస్టారి పాయింటు దగ్గర నుంచే మొదలుపెడతాను.

మెదడును చదివే యంత్రాల మీద మన సుప్రీంకోర్టు 2010 మే 5నే తీర్పు ఇచ్చింది. సెల్వి వర్సెస్ స్టేట్ ఆఫ్ కర్ణాటక. నార్కో (మత్తుమందు ఇచ్చి ప్రశ్నించడం), పాలిగ్రాఫ్ (అబద్ధాలు పట్టే యంత్రం), బ్రెయిన్ మ్యాపింగ్, మూడింటిలో ఏదీ మనిషి ఇష్టం లేకుండా చేయకూడదని చెప్పింది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ బలవంతపెట్టకూడదనే 20(3) అధికరణ, జీవించే హక్కు చెప్పే 21వ అధికరణ, రెండూ చూపించింది. దానికి రెండేళ్ల ముందే, 2008లో, పుణెలో ఒక కోర్టు హత్య కేసులో ఒక యువతికి యావజ్జీవం వేస్తూ తల మీద ఎలక్ట్రోడ్లు పెట్టి చేసిన పరీక్షను కూడా ఆధారంగా తీసుకుంది. ఆమె ఒక్క మాట మాట్లాడకుండా, వాక్యాలు వింటూ ఉంటే, మెదడులో ‘అనుభవం తాలూకు జ్ఞాపకం’ కనబడిందని రిపోర్టు! తర్వాత బాంబే హైకోర్టు బెయిలిచ్చింది. ఆ రోజుల్లో నేను జూనియర్ని. మా సీనియర్ పేపర్ మడిచి పక్కన పడేసి ‘ఇక మనకేం పని’ అన్నారు.

హత్య కేసు ముద్దాయికి ఉన్న రక్షణ మన ఇంటర్ పిల్లకు ఉందా అంటే, సెల్వి నేరుగా వర్తించదు. అది పోలీసు దర్యాప్తు సంగతి. 2017 పుట్టస్వామి తీర్పుతో గోప్యత ప్రాథమిక హక్కు అయింది, నిజమే, కానీ ప్రైవేటు కాలేజీని దానితో నేరుగా కొట్టడం కష్టం. ఉన్నది 2023 డిజిటల్ డేటా రక్షణ చట్టం. పద్దెనిమిది నిండనివాళ్లంతా అందులో పిల్లలే. తల్లిదండ్రుల నుంచి ధ్రువీకరించదగిన సమ్మతి తీసుకోవాలి. పిల్లలను ట్రాక్ చేయకూడదు, ప్రవర్తనను గమనించకూడదు. ఇంతవరకు చదివి సంతోషపడొద్దు. 2025 నవంబరులో వచ్చిన నిబంధనల్లో విద్యాసంస్థలకు మినహాయింపు ఉంది. తమ విద్యా కార్యకలాపాల కోసమైతే, లేదా పిల్లల భద్రత కోసమైతే ట్రాకింగ్, గమనింపు చేయవచ్చు. బ్యాండు విద్యా కార్యకలాపమే అని కాలేజీ వాదిస్తుంది. పైగా ఈ బాధ్యతలు పూర్తిగా అమల్లోకి రావడానికి నిబంధనలు వచ్చినప్పటి నుంచి 18 నెలలు గడువిచ్చారు.

ఇంకొకటి. అంతకుముందు ముసాయిదాల్లో ఆరోగ్యం వంటి సున్నితమైన డేటాకు వేరే రక్షణ ఉండేది. చట్టంగా వచ్చినప్పుడు ఆ తేడా తీసేశారు. మీ ఫోన్ నంబరూ, మీ అమ్మాయి మెదడు రికార్డింగూ ఈ చట్టం దృష్టిలో ఒకే గంపలో ఉన్నాయి. చిలీ దేశం 2021లో రాజ్యాంగమే సవరించి మెదడు నుంచి వచ్చే సమాచారానికి రక్షణ పెట్టుకుంది. 2023లో అక్కడి సుప్రీంకోర్టు ఒక మాజీ సెనేటర్ మెదడు డేటాను తుడిచేయమని ఎమోటివ్ అనే హెడ్‌సెట్ కంపెనీని ఆదేశించింది. అమెరికాలో కొలరాడో, కాలిఫోర్నియా 2024లో చట్టాలు చేశాయి. మన దగ్గర ప్రస్తుతానికి మీ సంతకమే చట్టం.

పటమట నాన్న | శనివారం మధ్యాహ్నం 2:30

అందరికీ థాంక్స్ అండీ. మా ఆవిడకు చదివి వినిపించాను. ‘స్కోరు తప్పే అనుకుందాం. తప్పు స్కోరు వల్ల పిల్లకు వచ్చే నష్టమేమిటి?’ అని అడిగింది. జవాబు చెప్పలేకపోయాను.

కొత్తపేట ల్యాబ్ | శనివారం రాత్రి 8:40

మీ ఆవిడగారు సరైన ప్రశ్న అడిగారు. ఇది రాయాలా వద్దా అని మధ్యాహ్నం నుంచి ఆలోచిస్తున్నాను.

మా ల్యాబ్‌కు పెళ్లి కావాల్సిన ఆడపిల్లలను తీసుకొచ్చేవాళ్లు ఎలా వస్తారో తెలుసా? చీకటి పడ్డాక వస్తారు. మన ఊళ్లో కాకుండా పక్క ఊళ్లో చేయిస్తారు. విజయవాడ వాళ్లు గుంటూరు వస్తారు, గుంటూరు వాళ్లు విజయవాడ సూర్యారావుపేట వెళతారు. ‘ఫైలు మీద పూర్తి పేరు రాయకండి మేడం’ అంటారు. కారణం ఫిట్స్. ఒకప్పుడు హిందూ వివాహ చట్టంలోనే మూర్ఛ ఉన్నవాళ్ల పెళ్లికి అడ్డంకి ఉండేది. 1999లో దాన్ని తీసేశారు. చట్టంలోంచి పోయింది, పెళ్లిళ్ల పేరయ్యల నోట్లోంచి పోలేదు.

ఇప్పుడు వినండి. జీవితంలో ఒక్కసారి కూడా ఫిట్స్ రాని ఆరోగ్యవంతుల్లో కూడా కొద్దిమందికి ఈఈజీలో మూర్ఛ తరహా గీతలు కనబడతాయి. అందుకే మంచి న్యూరాలజిస్టు కాగితం ఒక్కటే చూసి జబ్బు అనరు. మనిషిని చూస్తారు, ఏం జరిగిందో ఇంట్లోవాళ్లను అడుగుతారు. బ్యాండుకు అంత ఓపిక ఉండదు. దాంతో మూర్ఛను నిర్ధారించలేరు కూడా. కానీ ముడి డేటా సర్వర్‌లో ఉండిపోతుంది. రేపు ఎవరో దాన్ని మెరుగైన సాఫ్ట్‌వేర్‌లో వేసి ‘ఈ విద్యార్థినికి రిస్కు’ అని జెండా ఎగరేస్తే? ఆ మెసేజ్ ముందు ఎవరికి వెళుతుంది? మీకా, డీన్‌కా, కంపెనీకా? నిజంగా జబ్బు ఉంటే చెప్పకుండా దాచడం పాపం. లేనప్పుడు చెబితే ఆ పిల్ల జీవితమంతా అది వెంటాడుతుంది. మా ల్యాబులో అయితే రిపోర్టు ఎవరికి ఇవ్వాలో పద్ధతి ఉంది. ఆ కాలేజీలో ఉందా అని అడగండి.

వన్‌టౌన్ హోల్‌సేల్ | శనివారం రాత్రి 9:05

మీరు మరీ భయపెడుతున్నారమ్మా. ఏ కొత్త వస్తువు వచ్చినా ఇలాగే అంటారు. మా నాన్న స్కానింగ్ అంటే కూడా భయపడ్డాడు.

బ్రాడీపేట 4/14 (గుంటూరు) | శనివారం రాత్రి 10:30

హోల్‌సేల్ గారి మాటలో కొంత న్యాయం ఉంది. మెదడులో ఏదైనా పెడతామనగానే అందరూ దెయ్యాన్ని చూసినట్టు చూడడం నాకు నచ్చదు. మా ఇంట్లో ఉంది ఆ యంత్రం. మా నాన్నకు పార్కిన్సన్స్. కాఫీ గ్లాసు పట్టుకోలేక, పదిమందిలో భోజనానికి కూర్చోలేక శుభకార్యాలు మానేశాడు. మందుల మోతాదు పెంచే కొద్దీ ఒళ్లు మెలికలు. చివరికి హైదరాబాద్‌లో డీప్ బ్రెయిన్ స్టిమ్యులేషన్ చేయించాం. మెదడు లోపలికి సన్నటి తీగలు, మెడ చర్మం కింద వైరు, ఛాతీలో బ్యాటరీ. మొదటిసారి స్విచ్ ఆన్ చేసినప్పుడు చెయ్యి వణకడం ఆగింది. ఆయన చెయ్యిని ఆయనే తిప్పి తిప్పి చూసుకున్నాడు. 1987లో ఫ్రాన్స్‌లో బెనాబిడ్ అనే డాక్టరు దీనికి దారి వేశాడట. ఆ పెద్దమనిషికి దణ్ణం పెడతాను.

అయితే చెప్పాల్సింది ఇంకోటి ఉంది. సెట్టింగు పెంచిన కొన్నాళ్లకు నాన్న మారాడు. రూపాయి ఖర్చుపెట్టాలంటే మూడు రోజులు ఆలోచించే మనిషి, తుళ్లూరు దగ్గర ప్లాటుకు మాకెవరికీ చెప్పకుండా అడ్వాన్స్ ఇచ్చి వచ్చాడు. అర్ధరాత్రి లేచి లెక్కలు. మంచి హుషారు, గలగలా మాటలు. అమ్మకు మాత్రం కంగారు. డాక్టరుగారికి చెబితే కరెంటు తగ్గించారు, మందు కూడా మార్చారు. మళ్లీ పాత మనిషి. అయితే ఆ ప్లాటు కొన్నది ఎవరు? అమ్మ ‘మీ నాన్న కాదు’ అంటుంది. నాన్న ఇప్పటికీ ‘నేనే కొన్నాను, ఎప్పటి నుంచో కొనాలని ఉండేది, ధైర్యం చాలలేదు’ అంటాడు. ఎవరి మాట నమ్మాలో నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఆటోనగర్ సర్క్యూట్ | శనివారం రాత్రి 11:00

బ్రాడీపేట గారూ, మీ నాన్నగారి లాంటి సంగతే ఇంకా తీవ్రంగా నెదర్లాండ్స్‌లో ఒక 62 ఏళ్ల మనిషికి ఎదురైంది. 2004లో వైద్యులు ప్రచురించారు. యంత్రం ఆన్‌లో ఉంటే నడవగలడు, కానీ ఉన్మాదం, విచ్చలవిడి ఖర్చు, అప్పులు. ఆపేస్తే మనసు నిలకడగా ఉంటుంది, కానీ మంచం మీంచి లేవలేడు. మధ్యస్థంగా ఏ సెట్టింగూ కుదరలేదు. చివరికి నిర్ణయం ఆయన్నే అడిగారు. ఎప్పుడు అడిగారో చూడండి: యంత్రం ఆపేసి, బుద్ధి నిలకడగా ఉన్నప్పుడు. ఆన్‌లో ఉంచమన్నాడు, మానసిక చికిత్సాలయంలో ఉండడానికి ఒప్పుకుని మరీ.

ఇంకో సంగతి కూడా చూసుకోండి, బ్యాటరీ. మామూలువి మూడు నుంచి ఐదేళ్లకు మార్చాలి. కంపెనీ ఉంటేనే కదా మార్చేది. అమెరికాలో సెకండ్ సైట్ అనే కంపెనీ చూపు పోయినవాళ్ల కంట్లో ఆర్గస్ 2 అనే ఇంప్లాంటు పెట్టింది. ప్రపంచమంతా కలిపి 350 మందికి పైగా పెట్టించుకున్నారు. 2020 నాటికి కంపెనీ మూతపడే స్థితికి వచ్చింది. రిపేరు లేదు, విడిభాగాలు లేవు, వస్తువు మాత్రం కంట్లోనే. ఇంప్లాంటు పెట్టించుకునేటప్పుడు అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంతవుతుంది’ కాదు, ‘మీరు ఎత్తేస్తే నా గతేమిటి’ అని.

చిట్టినగర్ చందు (విజయవాడ) | శనివారం రాత్రి 11:15

రేపు మస్క్ గారి చిప్ వస్తే ఈ కోచింగులే ఉండవు, నీట్ సిలబస్ డైరెక్ట్ డౌన్‌లోడ్ 😀

ఆటోనగర్ సర్క్యూట్ | శనివారం రాత్రి 11:21

చందూ, 2024 జనవరిలో మస్క్ కంపెనీ న్యూరాలింక్ మొదటి చిప్ పెట్టింది భుజాల కింద నుంచి కదలిక లేని మనిషికి. ఆలోచనతో కర్సర్ కదిపి చదరంగం ఆడాడు. గొప్ప విషయమే. కొద్ది వారాల్లోనే మెదడులోని తీగలు చాలావరకు వెనక్కి జారాయి, సాఫ్ట్‌వేర్ మార్చి సర్దుకున్నారు. అది మెదడు నుంచి బయటికి సిగ్నల్ తీసుకునే పరికరం. బోటనీ లోపలికి ఎక్కించే పరికరం ఎవరి దగ్గరా లేదు.

గవర్నర్‌పేట మందుల షాపు (విజయవాడ) | ఆదివారం ఉదయం 10:10

బ్యాండు దాకా ఎందుకండీ, పరీక్షల ముందు మా షాపుకి వచ్చి ‘జ్ఞాపకశక్తి బిళ్లలు’ అడిగే తల్లిదండ్రులు ఎంతమందో. టానిక్ అయితే ఇచ్చి పంపిస్తాం. కొందరు ఏకంగా ఫోన్లో పేరు చూపిస్తారు, మిథైల్‌ఫెనిడేట్. అది ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవని సమస్య) ఉన్న పిల్లలకు డాక్టరు చూసి రాయాల్సిన మందు, మాదకద్రవ్యాల చట్టం పరిధిలో ఉంది. ‘మా వాడికి జబ్బేమీ లేదు, ఊరికే ర్యాంకు కోసం’ అంటారు, అదేదో మంచి మాటైనట్టు. లేదని పంపిస్తే ఇంకో షాపుకి వెళతారు.

సత్యనారాయణపురం మాస్టారు | ఆదివారం ఉదయం 10:45

చర్చ బాగుంది గానీ పార్కిన్సన్స్ ఆయన్ని, ఈ అమ్మాయిని ఒకేచోట కలపకండి. ఆయన బాధతో ఆయనే వెళ్లి అడిగి పెట్టించుకున్నాడు. సెట్టింగు ఎక్కువైతే తగ్గించమని అడిగే నోరు ఉంది. ఈ పిల్లను ఎవరైనా అడిగారా? నాన్నగారూ, ఇంతమంది ఇన్ని రాశాం, మీ అమ్మాయి ఏమంటోందో మీరు ఇంతవరకు ఒక్క ముక్క రాయలేదు.

పటమట నాన్న | ఆదివారం సాయంత్రం 6:20

ఇవాళ ఫోన్ టైములో అడిగానండీ. ముందు ‘మీ ఇష్టం నాన్నా’ అంది. కాదమ్మా, నీ ఇష్టం చెప్పు అంటే కాసేపు మాట్లాడలేదు. తర్వాత ‘బ్యాండు కట్టినా పర్లేదు, లిస్టు పెట్టకపోతే చాలు’ అంది.

లాంగ్‌టర్మ్ రెండోసారి | ఆదివారం సాయంత్రం 6:55

ఆ లిస్టు సంగతి నాకు తెలుసు అంకుల్. వీక్లీ టెస్టు అయ్యాక మార్కుల లిస్టు మెస్ దగ్గర అంటిస్తారు. దాని ప్రకారమే సెక్షన్లు మారుస్తారు. కింది సెక్షన్‌కి మంచి లెక్చరర్లు రారు. మార్కులు తగ్గితే ‘సార్, బాగా చదివాను, పేపర్ కష్టంగా వచ్చింది’ అని చెప్పుకోవచ్చు, నమ్మినా నమ్మకపోయినా. బ్యాండు వచ్చాక ‘నువ్వు చదవలేదు, ఇదిగో నీ మెదడే చెబుతోంది’ అంటారు. అప్పుడు మేం ఏం చెప్పుకోవాలి? పొద్దున అయిదున్నరకు లేపి రాత్రి పదిన్నర దాకా కూర్చోబెడితే నిద్రొస్తుంది. అది కనిపెట్టడానికి మెషీన్ ఎందుకు? నన్నడిగితే ఫ్రీగా చెబుతా.

బందరు రోడ్డు వకీలు | ఆదివారం రాత్రి 8:00

ఈ కుర్రాడు రాసినది నా పోస్టు కంటే బాగుంది. పుణె కేసులో జరిగిందీ అదే, మనిషి నోటి మాట కంటే యంత్రం గీతకు ఎక్కువ విలువ.

నాన్నగారూ, సంతకం పెట్టడమా మానడమా అనే రెండే దారులు లేవు. కాలేజీకి ఉత్తరం రాయండి, నోటితో అడగొద్దు. డేటా ఎవరి దగ్గర, ఎన్నాళ్లు ఉంటుంది? కంపెనీ దాన్ని సొంత పరిశోధనకు వాడుకుంటుందా? అలా వాడితే అది పరిశోధన అవుతుంది, అప్పుడు నైతిక కమిటీ (మనుషుల మీద చేసే పరిశోధనను ముందే పరిశీలించే కమిటీ) అనుమతి చూపించాలి. స్కోరు ఎవరెవరు చూస్తారు, దాన్నిబట్టి సెక్షన్ మారుస్తారా? మధ్యలో వద్దంటే తుడిచేస్తారా? ‘ఇన్‌ఛార్జి’ అనే మాట కొట్టేసి పక్కన మీ పొట్టి సంతకం పెట్టండి.

పటమట నాన్న | సోమవారం సాయంత్రం 5:15

ఉత్తరం ఇచ్చి వచ్చాను. అక్నాలెడ్జ్‌మెంట్ ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు, తర్వాత స్టాంపు వేశారు. వైస్ ప్రిన్సిపాల్ గారు మర్యాదగానే మాట్లాడారు. డేటా గురించి ‘కంపెనీ వాళ్లను అడగాలి’ అన్నారు. నైతిక కమిటీ అంటే ‘అదేమిటి’ అన్నారు. లిస్టు పెడతారా అంటే నవ్వి ‘పోటీ ఉంటేనే కదండీ’ అన్నారు. సంతకం పెట్టలేదు. ఇంటికి వచ్చేసరికి గ్రూపులో మెసేజ్: ‘సమ్మతి ఇవ్వని విద్యార్థులకు స్టడీ అవర్ వేరే బ్లాకులో ఉంటుంది.’

మా ఆవిడ కోపంగా ఉంది. నా మీదా, కాలేజీ మీదా అనేది ఇంకా తేలలేదు.

బందరు రోడ్డు వకీలు | సోమవారం సాయంత్రం 5:32

ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ తీయండి, డిలీట్ చేయకముందే. ఒప్పుకోనివాళ్లను వేరే బ్లాకులో కూర్చోబెడితే దాన్ని స్వచ్ఛందం అనరు. ఇలా ఆగినవాళ్లు ఇంకో పదిమంది దొరికితే కలిసి బాలల హక్కుల కమిషన్‌కు, ఇంటర్ బోర్డుకు ఒకే కాగితం మీద పెడదాం. డ్రాఫ్టు నేను రాస్తాను, ఫీజు అక్కర్లేదు.

వన్‌టౌన్ హోల్‌సేల్ | సోమవారం రాత్రి 9:40

నేను నా సంతకం వెనక్కి తీసుకోవడం లేదు, ముందే చెబుతున్నా. వేరే బ్లాకు సంగతి మాత్రం తప్పే, దాని మీద అయితే సంతకం చేస్తాను. బ్యాండు ఎలా పనిచేసిందో టర్మ్ చివర మా వాడి మార్కులు చూసి ఇక్కడే రాస్తాను.

కొత్తపేట ల్యాబ్ | సోమవారం రాత్రి 10:02

తప్పకుండా రాయండి సార్. కానీ మీ వాడి మార్కులు ఒక్కటే చూస్తే ఏమీ తేలదు, టర్మ్ చివరికి రివిజన్ వల్ల కూడా పెరుగుతాయి. ఆ వేరే బ్లాకులో బ్యాండు లేకుండా చదివే పిల్లల మార్కులు కూడా కనుక్కోండి. మీ అబ్బాయి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో కూడా అడిగి రాసుకోండి, యాప్‌ని కాదు, అబ్బాయినే.

వన్‌టౌన్ హోల్‌సేల్ | సోమవారం రాత్రి 10:10

సరేనమ్మా. పటమట గారూ, మీ అమ్మాయి మార్కులు పంపిస్తారా మరి?

పటమట నాన్న | సోమవారం రాత్రి 10:14

అమ్మాయిని అడిగి చెబుతానండీ.